రామతీర్థం కట్ట మీద వారం రోజులు

కార్తీక మాసం దగ్గర పడుతున్నదంటే నాకు వచ్చే ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదే పదే కనిపిస్తుంది. “మా నాన్నగారికి డెబ్బయి నాలుగేళ్ళు. చక్కెర వ్యాధి ఉంది, రక్తపు పోటు ఉంది. తోటివాళ్ళతో కలిసి వారం రోజులు చెరువు గట్టున ఉండి వస్తామంటున్నారు. పంపవచ్చునా?” వ్రాసేవారు చాలామటుకు కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు. వెళ్ళదలచిన పెద్దమనిషి స్వయంగా వ్రాసిన ఉత్తరం పదింటికి ఒకటి కూడా ఉండదు. అడగవలసిన పని లేదని ఆయన అనుకుంటాడు. అడక్కుండా వీళ్ళు ఉండలేరు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. చాలామందిని పంపవచ్చు, కొద్దిమందిని పంపకూడదు. ఆ కొద్దిమంది ఎవరన్నది తరువాత చెబుతాను. వయస్సు ఎంత అన్నది మాత్రం నేను అడిగే మొదటి ప్రశ్న కాదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? గడచిన ఏడాదిలో ఎక్కడైనా జారిపడ్డారా? మందులు తమంతట తాము వేసుకోగలరా? ఈ నాలుగింటికీ సరైన జవాబు చెప్పగలిగితే ఎనభై ఏళ్ళ మనిషి కూడా హాయిగా వెళ్ళిరావచ్చు. చెప్పలేకపోతే అరవై ఏళ్ళకే ఆలోచించవలసి ఉంటుంది.

పాశ్చాత్య దేశాల్లో ఈ అలవాటు చాలాకాలంగా ఉన్నది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో చటాక్వా అనే సరస్సు ఉన్నది. దాని ఒడ్డున 1874లో ఆదివారపు బడుల ఉపాధ్యాయుల కోసం వేసవి శిబిరం మొదలుపెట్టారు. అది నేటికీ ప్రతి వేసవిలో నడుస్తూనే ఉంది. పాటలు, ఉపన్యాసాలు, నీటి ఒడ్డున షికారు. వచ్చేవారిలో తల నెరిసినవారే ఎక్కువగా కనిపిస్తారు. ఫిన్లండులో వేసవి ఇళ్ళు అయిదు లక్షలకు పైగా ఉన్నాయి. అక్కడివారికి వేసవి అంటే చలినుంచి విడుదల. మనకు వేసవి అంటే వడగాడ్పు. ఆ వార్తలు చదివి మన పెద్దవాళ్ళను మే నెలలో చెరువు గట్టుకు పంపుతానంటే నేను ఒప్పుకోను.

కారణం చెబుతాను. వయస్సు పైబడినకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది. ఒంట్లో వేడి బయటికి పోయే దారులు రెండూ మందగిస్తాయన్నమాట. దానికి తోడు రక్తపు పోటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయి. రోహిణి కార్తెలో మా ప్రకాశం జిల్లాలో నీడన కూడా గాలి నిప్పులా తగులుతుంది. అట్లాంటి రోజున రేకుల షెడ్డు కింద ఉన్న ముసలాయనకు మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయి, మాట తడబడి, సాయంత్రానికి స్పృహ తప్పవచ్చు. మన వారానికి సరైన కాలం కార్తీకం రెండో సగం మొదలు మాఘం దాకా. అందులోనూ తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు కదలరాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి మార్గశిరం కూడా రాలేదు గదా అని మా వైపు వాళ్ళెవరూ ధైర్యంగా ఉండలేకపోయారు.

ఇక చోటు సంగతి. చీమకుర్తి పేరు చెబితే ఈనాడు అందరికీ నల్లరాయి గుర్తుకు వస్తుంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైటు ఇక్కడి నేలలోనే దొరుకుతుంది. ఆ మెరుపు బంగారం కాదు, బ్రాంజైటు అనే ఖనిజం. దేశదేశాల విమానాశ్రయాల్లోనూ హోటళ్ళలోనూ మా ఊరి రాతి మీద జనం నడుస్తున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ రాయి ఎక్కువగా దుమ్ము రూపంలోనే పరిచయం. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద వస్తుంటే ఊరు రాకముందే తెలుస్తుంది. లారీలు, రాళ్ళు కోసే ఫ్యాక్టరీలు, చెట్ల ఆకుల మీద తెల్లని పొర. క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే లోపల పనిచేసే యంత్రాలు పిల్లల బొమ్మలంత కనిపిస్తాయి.

ఇదే ఊరినుంచి కొద్ది మైళ్ళు పోతే రామతీర్థం. అక్కడ శివాలయం ఉన్నది. దాని చేరువనే ఎంత దూరం చూసినా నీళ్ళే కనిపించే జలాశయం ఉన్నది. ఆ నీళ్ళు ఇక్కడి వాన నీళ్ళు మాత్రమే కావు. నాగార్జునసాగరం నుంచి కుడి కాలువ మీదుగా, ఒంగోలు బ్రాంచి కాలువలో ప్రయాణం చేసి వచ్చిన కృష్ణ నీళ్ళు. సుమారు ఒకటిన్నర టి.ఎం.సి. పట్టే ఈ జలాశయంనుంచే ఒంగోలు పట్టణపు మంచినీటి చెరువులు నింపుకొంటారు.

మా ఊరి పెద్దవాళ్ళకు ఆ నీటితో ఉన్న అనుబంధం వేరు. సాగరం పునాదిరాయి 1955 డిసెంబరు 10న పడింది. కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. అప్పటికి ప్రకాశం జిల్లాయే లేదు. అది 1970లో ఏర్పడింది. ఇవాళ డెబ్బయి అయిదేళ్ళు నిండినవాళ్ళు అప్పుడు పదిహేడు, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు. వాన పడితే జొన్న, పడకపోతే పస్తు అన్న మెట్ట బతుకు వాళ్ళు చూశారు. బావిలో చేద వేసి గంటసేపు కూర్చున్న ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఆ కట్ట మీద కూర్చుని నీళ్ళను చూసే చూపు, సెలవులకు వచ్చిన మనుమల చూపు ఒకటి కాదు.

రెండేళ్ళ కిందటి కార్తీకంలో మా ఆసుపత్రికి నెలనెలా మందులకు వచ్చే పెద్దవాళ్ళు కొందరు ఈ వారం ఏర్పాటు చేసుకున్నారు. మొత్తం పన్నెండు మంది. ఏడుగురు మగవాళ్ళు, అయిదుగురు ఆడవాళ్ళు. వారిలో ఒకరి మేనల్లుడికి జలాశయానికి దగ్గరగా బత్తాయి తోట, అందులో నాలుగు గదుల ఇల్లు ఉన్నాయి. పెద్దగా ఖర్చు లేదు. వెళ్ళేముందు అందరూ కట్టగట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పన్నెండు మందికీ రక్తపు పోటు, చక్కెర, కాళ్ళు, గుండె చూశాను. చూసిన తరువాత మేనల్లుణ్ణి పిలిపించి అడిగిన మొదటి ప్రశ్న: “అబ్బాయ్, మరుగుదొడ్డి ఎట్లాంటిది?”

మీకు నవ్వు రావచ్చు. కాని పెద్దవాళ్ళ ప్రయాణాలు సగం చెడిపోయేది అక్కడే. మోకాళ్ళ నొప్పులున్నవారు గొంతుక్కూర్చోలేరు. కూర్చున్నా లేవలేరు. ఆ భయంతో తినడం తగ్గిస్తారు, నీళ్ళు తాగడం మానేస్తారు. ఆడవాళ్ళయితే మరీను. బస్సులో ఇబ్బంది అని ప్రయాణం ముందురోజు నుంచే నీళ్ళు మానేసేవాళ్ళను నేను ఎందరినో చూశాను. ఆ తరువాత మూత్రంలో మంట, చలిజ్వరం. మగవాళ్ళకు ప్రోస్టేటు గ్రంథి పెరిగి ఉంటుంది. గంటల తరబడి ఆపుకొంటే ఒక్కసారిగా మూత్రం బిగిసిపోయి గొట్టం వేయవలసి వస్తుంది. మధ్యలో రంధ్రమున్న కుర్చీ మందుల షాపుల్లో దొరుకుతుంది, దాన్ని దొడ్డి మీద పెట్టుకోవచ్చు. అట్లాంటివి రెండు తెప్పించమన్నాను. గోడకు పట్టుకోవడానికి ఒక ఇనపకడ్డీ బిగించమన్నాను. మేనల్లుడు బుద్ధిమంతుడు, మూడు రోజుల్లో చేయించాడు.

రెండో ప్రశ్న మంచాలు. తోటల్లో సాధారణంగా నులకమంచాలుంటాయి. చూడ్డానికి బాగుంటాయి గాని అవి మధ్యకు కుంగి ఉంటాయి, ఎత్తు తక్కువ. పెద్దవాళ్ళు లేవడానికి ఆపసోపాలు పడతారు. అట్లాగని నేలమీద చాపలు వేసుకుని పడుకుంటామంటే అసలు ఒప్పుకోను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కరుస్తుంది. చాలాసార్లు కాటు నొప్పి కూడా తెలియదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతుంది. ఎత్తయిన మంచం, పరుపు కిందికి మడిచిన దోమతెర ఈ రెండూ ఉంటే దోమా రాదు, పామూ రాదు. ఒకవేళ కాటు పడితే తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చండి. మంత్రం వేయించడంలో పోయిన గంట తిరిగి రాదు.

మూడోది నీళ్ళు. ఇది మా జిల్లాలో పెద్ద సమస్య. పడమటి ప్రాంతాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఏళ్ళ తరబడి తాగినవారికి పళ్ళు గారపట్టి, వెన్ను బిగుసుకుపోవడం మీరెరిగినదే. “మరిగించి తాగుతున్నాం గదండీ” అంటారు చాలామంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరై తగ్గుతాయి గనుక మిగిలినదాంట్లో దాని పాలు కొంచెం పెరుగుతుంది కూడా. జలాశయంలోని కాలువ నీటిలో ఫ్లోరైడు బాధ అంతగా ఉండదు, అక్కడ భయమంతా క్రిములదే. బోరు నీటి ఔషధం వేరు, చెరువు నీటి ఔషధం వేరు. వారం రోజులకు శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు ఊళ్ళోనుంచి తెప్పించుకోవడం అన్నిటికన్నా తేలిక.

మందులు ఏడు రోజులకు గాక పది రోజులకు తీసుకువెళ్ళాలి. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఒకటి సంచిలో, ఒకటి పక్కవారి దగ్గర ఉంచుకోవాలి. ఇన్సులిన్ వాడే ఆవిడ ఒకరు “అక్కడ ఫ్రిజ్ లేదు గదా” అని దిగులుపడింది. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాల దాకా చెడదు. కార్తీకంలో నీడన ఉన్న గది చాలు. ఇంకా అనుమానం ఉంటే కొత్త కుండలో తడి ఇసుక పోసి, దానిమీద చిన్న కుండ పెట్టి, అందులో సీసాను గుడ్డలో చుట్టి ఉంచవచ్చు. ఎండ తగిలే కిటికీలోనూ, ఆపిన కారులోనూ మాత్రం పెట్టకండి.

వెళ్ళినవాళ్ళలో డెబ్బయ్యేళ్ళ విధవరాలు ఒకామె ఉన్నది. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. అతను నాకు ఫోను చేసి దాదాపు దెబ్బలాడినంత పని చేశాడు. “డాక్టరుగారూ, మీరెట్లా పంపుతున్నారండీ? అమ్మకు ఏమన్నా అయితే ఊళ్ళో నా మొహం ఎట్లా చూపించను? కన్నతల్లిని చెరువు గట్టున వదిలేశాడంటారు.” అతని బాధ అబద్ధం కాదు. అతన్ని మెత్తగానే అడిగాను. “బాబూ, మీ అమ్మ ఇంట్లో ఒక్కతే గదా ఉంటున్నది. స్నానాలగదిలో పడితే ఎంతసేపటికి తెలుస్తుంది?” అతను కొంచెంసేపు మాట్లాడలేదు. “పాలవాడు వచ్చేదాకా తెలియదు” అన్నాడు. “అక్కడ పదకొండు మంది ఉంటారు. పదకొండు నిమిషాలు కూడా పట్టదు.” రెండు రాత్రులకు ఒప్పుకున్నాడు. ఆ రెండూ గడిచాక మరి రెండు. అట్లా వాయిదాల మీద వారం పూర్తయింది.

ఆలోచించి చూడండి. మన పెద్దవాళ్ళను ఎక్కడికీ పంపకుండా ఉంచడాన్ని మనం భద్రత అంటున్నాం. తలుపు వేసిన ఇంట్లో, టీవీ ముందు, మాట్లాడే మనిషి లేకుండా గడిపే రోజుకు కూడా ప్రమాదం ఉన్నది. అది నెమ్మదిగా వస్తుంది గనుక మన కంటపడదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒంటరితనం మీద ప్రత్యేకంగా ఒక కమిషన్నే నియమించింది. మతిమరుపు జబ్బుకు దారితీసేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులు 2024లో తేల్చారు. ఒంటరితనం, వినికిడి తగ్గడం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

వినికిడి అంటే గుర్తొచ్చింది. ఈ పన్నెండు మందిలో క్వారీలో ముప్ఫయ్యేళ్ళు రాతికి బెజ్జాలు వేసే పని చేసినాయన ఒకరు. ఆ యంత్రాల హోరుకు రెండు చెవులూ దెబ్బతిన్నాయి. ఇంట్లో ఆయన మౌనవ్రతం. కోడలు ఏదైనా అంటే తల ఊపుతాడు, అర్థమైనట్లు. కట్ట మీద కూర్చున్నప్పుడు పక్కన టీవీ లేదు, మిక్సీ లేదు, రోడ్డు లేదు. ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ మాట్లాడుతుంటే ఆయనకు మూడు వంతులు అందింది. మూడో రోజుకల్లా ఆయనే మాట్లాడడం, తక్కినవాళ్ళు వినడం అయింది! హోరుకు పోయిన చెవి మందులతో తిరిగి రాదు. కాని మాట వినాలన్న కోరిక మళ్ళీ పుట్టాక ఆయన తనంతట తానే ఒంగోలు వెళ్ళి వినికిడి యంత్రం పెట్టించుకున్నాడు. అంతకు ముందు రెండేళ్ళుగా కొడుకు చెబితే వినలేదు.

వీరిలో దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడినాయన కూడా ఒకరున్నారు. “అక్కడి గాలికి నా రొమ్ము బాగవుతుందా?” అని అడిగాడు. బాగవదని చెప్పాను. రాతి దుమ్ముతో పడిన మచ్చ మంచి గాలికి చెరగదు. దగ్గు కాస్త తగ్గుతుంది, నిద్ర పడుతుంది, అంతే. దానితో పాటు చుట్ట మానితే ఉన్నదన్నా నిలుస్తుంది. వారం రోజులు చుట్ట ముట్టలేదని అక్కడివాళ్ళు సాక్ష్యం చెప్పారు. ఊరికి తిరిగివచ్చాక సంగతి నన్నడగకండి.

అక్కడ వాళ్ళ దినచర్య నేను వ్రాసి ఇచ్చింది కాదు, అదే కుదిరింది. తెల్లవారి ఎండ కొంచెం వచ్చాక కట్ట మీద అరగంట నడక. నల్లని నీటికాకులు మునిగి తేలుతుండడం, కొంగలు ఒంటికాలిమీద నిలబడడం చూస్తూ ఆగి ఆగి నడిచేవాళ్ళు. పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాల నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా వాళ్ళు లెక్కపెట్టకుండానే అంతకు మించి నడిచారు. పగటి వెలుతురు ఒంటికి తగిలితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. నిద్రమాత్ర అలవాటున్న ఇద్దరు అది తగ్గించవచ్చునా అని నన్ను అడిగారు. ఒక్కసారిగా మానకుండా కొద్దికొద్దిగా తగ్గించాము.

నేను రెండు సాయంత్రాలు బి.పి. చూసే యంత్రం పట్టుకుని వెళ్ళాను. చుట్టూ పొలాల్లో పొగాకు నాట్లు వేస్తున్నారు. తోటలో వేపచెట్టు కింద ఒక వైపు పులిజూదం, ఒక వైపు వామనగుంటలు. చాలామందికి పోటు ఇంటి దగ్గరకన్నా కొంచెం తక్కువగానే ఉంది. ఒకాయనకు మాత్రం బాగా పెరిగింది. ఆరా తీస్తే గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, కందిపొడి మూడు పూటలా నడుస్తున్నాయని తెలిసింది. రోజుకు ఉప్పు మొత్తం ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. మా వైపు పచ్చళ్ళతో ఆ చెంచా మొదటి ముద్దలోనే అయిపోతుంది. “వనభోజనంలో పచ్చడి లేకపోతే ఎట్లాగండీ?” అన్నాడు. మజ్జిగ అన్నంలోకి ఒక్క బద్ద, అంతకుమించి వద్దు అని రాజీకి వచ్చాము.

వంట సంగతి వచ్చింది గనుక ఆడవాళ్ళ తరఫున ఒక మాట. ఇట్లాంటి వారాల్లో మగవాళ్ళకు విహారం, ఆడవాళ్ళకు పెళ్ళివారి వంటిల్లు కావడం నేను చాలాచోట్ల చూశాను. మొదటి రోజు ఇక్కడా అదే జరిగింది. అయిదుగురు ఆడవాళ్ళూ పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే ఉన్నారు. కట్ట ఎటువైపు ఉన్నదో కూడా చూడలేదు. సాయంత్రం వాళ్ళలో పెద్దావిడ నిక్కచ్చిగా చెప్పేసింది: “అన్నయ్యగారూ, మా ఇళ్ళల్లోనూ పొయ్యిలున్నాయి. ఇంతదూరం వచ్చింది పొయ్యి చూడ్డానికి కాదు.” మర్నాడే పక్క ఊరినుంచి వంటమనిషిని పెట్టుకున్నారు. కూరలు తరగడం మగవాళ్ళ వంతు. వంకాయలు పెద్దపెద్ద ముక్కలు పడ్డాయట, ఎవరూ పట్టించుకోలేదు. మీరు ఏర్పాటు చేసుకునేటప్పుడు వంటమనిషి ఖర్చు మొదటి రోజునుంచే వేసుకోండి.

ఇక భయపడవలసిన రోజు కూడా ఒకటి వచ్చింది. అది కార్తీక సోమవారం. రిటైరైన బడిపంతులుగారు ఒకరు ఉపవాసం ఉన్నారు. ఎవరికీ చెప్పలేదు. చక్కెర తగ్గించే గ్లిమిపిరైడు మాత్ర మాత్రం అలవాటు చొప్పున పొద్దుటే వేసుకున్నారు. గుడికి నడిచి వెళ్ళి వచ్చారు. పదకొండు గంటల వేళ చెట్టు కింద కూర్చున్న మనిషికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ఏవేవో పొంతన లేని మాటలు. ఒకరు గుండెపోటు అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. పైన చెప్పిన బెంగుళూరు అబ్బాయి తల్లి ఆ రోజు అక్కడే ఉన్నది. ఆమె భర్త చక్కెర వ్యాధితోనే చాలా ఏళ్ళు బాధపడి పోయాడు. ఆమె ఎవరినీ అడగలేదు. లోటాడు నీళ్ళలో గుప్పెడు పంచదార కలిపి తెచ్చి తాగించింది. మింగగలుగుతున్నాడు గనుక తాగించడం సరిపోయింది. పావుగంటలో ఆయన “ఏమిటి, అందరూ నా చుట్టూ చేరారు?” అని అడిగాడు. వెంటనే అన్నం పెట్టారు. తరువాత నాకు ఫోను చేశారు.

ఇది మీ ఇంట్లో కూడా జరగవచ్చును గనుక గుర్తుపెట్టుకోండి. చక్కెర మాత్రల్లో కొన్నిటితోను, ఇన్సులిన్‌తోను తిండి తప్పితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ, చిరాకు, మాట తడబడడం దీని గుర్తులు. మెలకువగా ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వారిని ఆసుపత్రికి చేర్చాలి. ఉపవాసం ఉండదలచినవారు ముందుగా వైద్యునికి చెబితే ఆ రోజు మందు మార్చి ఇస్తాడు. దేవుడికి చెప్పినంత భక్తిగా డాక్టరుకు కూడా చెప్పండి.

తెల్లవారుజామున జలాశయంలో కార్తీక స్నానం చేస్తామంటే నేను వద్దన్నాను. కట్టకు లోపలివైపు పరిచిన రాళ్ళు పాచి పట్టి జారుతాయి. ఒక్క అడుగు దాటితే లోతు ఎంతో తెలియదు. పైగా చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఒంటిమీద పడితే రక్తనాళాలు ముడుచుకుని పోటు పైకి లేస్తుంది. బలహీనమైన గుండెకు అది మంచిది కాదు. బిందెతో నీళ్ళు తెచ్చుకుని, గోరువెచ్చన చేసుకుని, ఎండ వచ్చాక తోటలో పోసుకున్నారు. ఆ నీళ్ళూ కృష్ణ నీళ్ళే గదా! చక్కెర వ్యాధి ఉన్నవారు ప్రదక్షిణలు వట్టికాళ్ళతో చేయవలసి వస్తే మేజోళ్ళు వేసుకుని, రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు చూసుకోవాలి. వంగలేకపోతే పక్కవారు చూడాలి. ముల్లు గుచ్చుకున్నా స్పర్శ తెలియని పాదం అది.

మరి ఎవరు వెళ్ళకూడదు? ఈ మూడు నెలల్లో గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చినవారు, నడిస్తే గుండెలో నొప్పి కొత్తగా మొదలైనవారు, పడుకుంటే ఆయాసం వచ్చి కాళ్ళు వాచినవారు, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారు. దారి మరచిపోయేంత మతిమరుపు ఉన్నవారిని నీటి దగ్గరికి ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు. సొంత మనిషి రాత్రింబగళ్ళు వెంట ఉంటే అది వేరే సంగతి. చూపు మందగించి శుక్లాల ఆపరేషను వాయిదా వేస్తున్నవారు ముందు ఆ ఆపరేషను చేయించుకుని, కన్ను కుదుటపడ్డాక వెళితే ఆ నీళ్ళూ కొంగలూ కనిపిస్తాయి.

రామతీర్థమే కావాలని లేదు. మీ ఊరికి దగ్గరగా ఏ చెరువున్నా సరే. ఆసుపత్రి అరగంట దూరంలో ఉండాలి, ఫోను పలకాలి, మంచి మరుగుదొడ్డి ఉండాలి. కంభం చెరువు ఎంతో అందమైనది. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య కట్టిన ఆ కట్టను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. మా వాళ్ళు వచ్చే ఏడు అక్కడికి పోదామంటున్నారు. దూరం ఎక్కువ, ప్రయాణంలో రెండుసార్లు దిగి నడవాలి అన్న షరతు మీద సరేనన్నాను.

బెంగుళూరు అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు తల్లిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. ఆమె బరువు ఒక కిలో పెరిగింది, నిద్ర బాగుంది. తోటలో కలిసిన మిగతా నలుగురు ఆడవాళ్ళూ ఇప్పుడు రోజూ సాయంత్రం ఈమె అరుగు మీదే చేరుతున్నారట. “ఫోను చేస్తే తీయడం లేదండీ, మాటల్లో పడి” అని అబ్బాయి ఫిర్యాదు చేశాడు. ఆమెకు స్నానాలగదిలో కడ్డీ ఒకటి బిగించమని, చెప్పుకు వెనక పట్టీ ఉండాలని చీటీ మీద వ్రాసి ఇచ్చాను.

రామతీర్థం వెళ్ళదలచినవారికి దారి: ఒంగోలు నుంచి చీమకుర్తికి బస్సులకు కొదవ లేదు, అక్కడినుంచి ఆటోలు దొరుకుతాయి. అరవై దాటినవారికి ఆర్టీసీ బస్సుల్లో పావు వంతు రాయితీ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు సంచిలో పెట్టుకోండి. దాని వెనకాలే మందుల చీటీ కూడా పెట్టుకోండి.